ముప్పై మూడో పోగు

నమోదు 811

గోపురం పని చేస్తోంది. మొత్తం పోగులు అరవై నాలుగు. ఇళ్ళకీ, నాచు మడుల్లో పనిచేసేవాళ్ళకీ ఇచ్చినవి యాభై తొమ్మిది. నా దగ్గర మిగిలినవి అయిదు. నీరు నిలకడగా ఉంది.

ఒడ్డు ఆఫీసుకి కావలసింది ఈ నాలుగు ముక్కలే. అవైనా చదువుతారన్న నమ్మకం నాకు లేదు. పోయినేడు ఒక నమోదులో "గోపురం మీద ఏనుగు ఎక్కి కూర్చుంది" అని రాసి పంపితే "అందినది, ధన్యవాదములు" అని జవాబొచ్చింది. అంచేత ఇకనుంచి నా కడుపుమంటంతా ఇందులోనే రాస్తాను. నీటి అడుగునున్న ఈ లోతూరులో నా మాట వినే మనిషి లేడు. చదవనివాళ్ళకి చెప్పుకుంటే కనీసం ఎదురు చెప్పరు.

ఇవాళ ఊరి పెద్ద చోడిపల్లి పోలారావు మావ గోపురానికి వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, అప్పుడు మొదలెట్టాడు.

"దేముడమ్మా, నీ దగ్గర ఉత్త పోగులు అయిదున్నాయి కదేటి. ఒకటి ముత్యాలుకి కట్టీరాదా? సొంత కూతురే కదా."

"అవి ఉత్తవి కావు మావా."

"మరి వాటి మీద ఏటెల్తంది?"

"ఒక కూత. ఎప్పుడూ అదే కూత."

"ఎవులికి?"

"ఎవులికీ కాదు. అందరికీ."

"అదే కదేటి ఉత్తదంటే!" అని తొడ చరిచి నవ్వాడు.

ఎన్నోసారో చెప్పలేను గానీ మళ్ళీ చెప్పాను. ఈ లోతులో రేడియో నడవదు. నీళ్ళలో దూరం పోగలిగేది చప్పుడొక్కటే. గోపురం చేసేది ఒకే చప్పుడు, కానీ అందులో అరవై నాలుగు సన్నటి శ్రుతులు కలిసి ఉంటాయి. మొదట ఇక్కడ దిగినవాళ్ళు వలలల్లేవాళ్ళు గనక ఒక్కో శ్రుతినీ పోగు అన్నారు. ప్రతి ఇంట్లోనూ ఉన్న పెట్టె ఆ ముద్దలోంచి తన పోగును మాత్రం లాక్కుంటుంది. తలుపు, గాలి, దీపం, కబురు అన్నీ దాని మీదే. అయితే నీరు ఊరుకోదు. చప్పుడును వంచుతుంది, గట్టుకి కొట్టి తిప్పి పంపుతుంది, ఒక పోగును మింగి పక్కదాన్ని పెద్దది చేస్తుంది. నీరు ఏ పోగును ఎంత పాడుచేసిందో పెట్టెకి తెలియాలంటే, ముందే తెలిసిన కూత ఒకటి అక్కడక్కడా ఉండాలి. అదెలా వచ్చిందో చూసుకుని పక్క పోగుల్ని సరిచేసుకుంటుంది. తక్కెడ సరిగా ఉందో లేదో చూడాలంటే బరువు తెలిసిన రాయి ఒకటి కావాలి కదా, ఆ రాయిని పులుసులో వేసుకు తినేస్తానంటే ఎలా మావా అని అడిగాను.

"రాయి ఎవులు తింతారమ్మా," అన్నాడు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మొదట ఆ రాళ్ళు ఎనిమిది ఉండేవి. మూడు పెళ్ళిళ్ళకి మూడు పోయాయి. మూడోది సాక్షాత్తూ ఈయన మనవడిది.

నమోదు 814

అన్నీ మామూలే. మా ఇంట్లో తప్ప.

లోతూరులో పుస్తె కట్టడం కంటే పోగు కట్టడం పెద్ద తంతు. గోపురంలో మీట తిప్పి కొత్త ఇంటి పెట్టెకి పోగు అప్పగిస్తే కాపురం మొదలైనట్టు. పోగు లేని ఇంటికి గాలి రాదు, తలుపు తెరుచుకోదు. గాలి లేని ఇంట్లో కాపురమేమిటి? అందులో న్యాయం ఉంది. కానీ కట్టిన పోగును ఆ ఇద్దరూ బతికుండగా విప్పకూడదట, విప్పితే పెళ్ళి విప్పినట్టేనట. ఈ ముక్క ఎవరు కలిపారో తెలిస్తే వాళ్ళని గోపురం శిఖరానికి కట్టేసేదాన్ని.

మా ముత్యాలు, ఎల్లాజీ మనసులు కలిసి ఏడాది దాటింది. ఎల్లాజీ తలుపుల మరమ్మతు పని చేస్తాడు, బుద్ధిమంతుడు. ముత్యాలు ఊరి పక్క లోయలా పడున్న గెడ్డకి అవతల నాచు మడుల్లో పని చేస్తుంది. ఇల్లు కూడా కట్టి ఉంది. లేనిదల్లా పోగు.

ఇవాళ అన్నం పెట్టుకుంటూ అడిగింది. "అమ్మా, ఊళ్ళో పెళ్ళయినోళ్ళందరికీ పోగు కట్టింది నువ్వే. నాకు తప్ప."

"ఇష్టం నేక కాదే ముత్యాలూ. ఆ అయిదూ తీస్తే..."

"తెలుసు. తక్కెడ, రాయి. ఉగ్గుపాలతో పోసినావు కదా." కంచం తోసేసింది. "నేను అడగతంది లెక్క కాదమ్మా. నీకు బాధనిపించట్లేదా అని అడగతన్నాను."

నాకు బాధ లేదా? వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి దాన్ని ఒక్కదాన్నే పెంచాను. దాని పెళ్ళి చూడాలని నాకుండదా? ఆ మాట చెప్పడానికి బదులు "చలినీరు వచ్చి బురద లేచే కాలంలో మడుల్లో ఉండేది నువ్వేనే" అన్నాను. నాకు మాట్లాడటం రాదు. వేల మాటలు మోసే గోపురానికి నన్ను కాపలా పెట్టారు.

నమోదు 819

ఫిర్యాదులు తొమ్మిది. ఒకరింట్లో లోపలి తలుపు తనంతట తాను తెరుచుకుని మూసుకుంటోంది. ఇంకొకరింట్లో దీపం మిణుకుమంటోంది. ఎల్లాజీ తల్లి పైడితల్లి వదిన ఇంట్లో గాలి మర ఉన్నట్టుండి గురక పెడుతోందట. ఆవిడ గోపురం మెట్ల కింద నిలబడి ఊరంతటికీ వినిపించేలా అరిచింది.

"ఓ వొదినా! కూతురికి పోగు కట్టవు, ఉన్న పోగులు సరిగా సూడవు. నీకు ఆ గోపురం ఎందుకేటి?"

మిగిలిన అయిదు కూతల మధ్యా దూరం ఎక్కువైపోయింది. ఆ ఖాళీలో ఉన్న పోగులకి నీరేం చేసిందో పెట్టె ఊహించుకోవాలి. నీరు నిలకడగా ఉంటే ఊహ సరిపోతుంది. కాస్త కదిలితే తప్పుతుంది. అందుకే తలుపులు దయ్యం పట్టినట్టు ఆడుతున్నాయి. ఈ మాట వదినకి చెప్పబోయేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరూ నాకు ప్రశ్న వేసి, జవాబు వచ్చేలోపు వెళ్ళిపోతారు.

నూట ఇరవై ఎనిమిది పోగుల యంత్రం పంపమని ఒడ్డుకి మళ్ళీ రాశాను. జవాబు: అందినది, ధన్యవాదములు.

నమోదు 823

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

చప్పుళ్ళు వినే గోపురం చెవులకి గుల్లలు పట్టాయి. నీటిలో తిరిగే కవచం తొడుక్కుని బయటికి వెళ్ళి పొద్దుటి నుంచీ గీకుతూ కూర్చున్నాను. లోపలికి వచ్చేసరికి పోలారావు మావ, పైడితల్లి వదిన, ఎల్లాజీ, ముత్యాలు, ఇంకా ఊళ్ళో సగంమంది. మీటల గదిలో కొబ్బరికాయ కొట్టిన నీళ్ళు. ముప్పై మూడో మీటకి పసుపు.

"కట్టీసినాం!" అన్నాడు పోలారావు మావ. పెళ్ళికొడుకు తల్లీ, ఊరి పెద్దా కలిసి మీట తిప్పవచ్చని ఆచారంలో ఉందిట. "నువ్వు నీ కూతురని మొగమాటపడి ఉండిపోతన్నావు. ఊరు సూస్తా ఊరుకుంటాదేటి? నీకోసమే సేసినాం దేముడమ్మా."

నాకోసం! నిజంగానే నాకోసం. ఆ మొహాల్లో ఒక్కదానిలోనూ కపటం లేదు. సొంతవాళ్ళకి చేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అని నేను కడుపు కట్టుకున్నాననుకున్నారు. తిడదామంటే తిట్టుకి చోటు లేదు. ఎనిమిదిలో నట్టనడిమిది ముప్పై మూడు. ఏదో ఒకటి పోవాలంటే చిట్టచివర పోవలసింది అది. వీళ్ళు దాన్నే ఎంచుకున్నారు, ముత్యాలు పుట్టిన తిథికి అంకె కుదిరిందని.

"విప్పాలి," అన్నాను.

పైడితల్లి వదిన మొహం నల్లబడింది. ముత్యాలు నన్ను చూసిన చూపు రాయను.

"సలినీరు రానీ, అప్పుడు సూద్దాం," అన్నాడు పోలారావు మావ. ఎవరో నా నోట్లో లడ్డూ పెట్టారు. నోరు మూయించడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. పెళ్ళి వచ్చే పున్నమికి. కొత్త ఇంటికి గాలి పట్టడం అప్పుడే మొదలైంది.

నేను మీట తిప్పలేదు. మాటను మింగాను, లడ్డూని కూడా.

నమోదు 830

చలినీరు పున్నమి దాకా ఆగలేదు.

పొద్దున్న మడుల్లోకి వెళ్ళినవాళ్ళు పనిలో ఉండగానే గెడ్డలోంచి పాకింది. వెచ్చటి నీటి కిందికి చల్లటిది జొరబడితే అడుగున ఉన్న బురదంతా లేస్తుంది, చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. కూత పెట్టి అందర్నీ వెనక్కి పిలిచాను. దగ్గరి మడుల వాళ్ళు దారి తాడు పట్టుకుని వచ్చేశారు. ముత్యాలు చివరి మడిలో ఉంది.

కవచం నుంచి గోపురానికి వచ్చే మాట వేరే దారిలో, ఒకే ఒక్క పోగు మీద, నెమ్మదిగా వస్తుంది. అది నాకు చక్కగా వినిపించింది. "అమ్మా, తాడు బురదలో కప్పడిపోనాది. ఎటు రావాలో సెప్పు."

ముత్యాలు ఎక్కడుందో గోపురం చెవులు నాకు చూపిస్తున్నాయి. "ఎడం పక్కకి తిరుగు," అన్నాను.

"అమ్మా, గరగర వొత్తంది. ఏటీ తెలియట్లేదు. మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. చప్పుడు పెంచాను. పెంచితే గరగరే పెరుగుతుంది, ఆ సంగతి నాకు తెలియదా? అయినా పెంచాను. మాటను సాగదీసి ఒక్కో అక్షరమూ పంపాను. ముప్పై మూడు చుట్టుపక్కల ఉన్న పోగులన్నీ కవచం పెట్టెకి గందరగోళంగా చేరుతున్నాయి. దానికి సరిచేసుకునే ఆధారం లేదు.

"అమ్మా, ఉన్నావా? నానిక్కడే ఉన్నాను. నువ్వు మాటాడతన్నావా, నేదా?"

దాని ప్రతి మాటా నాకు వినిపిస్తోంది. నా మాట ఒక్కటీ దానికి అందటం లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంత చేతకానితనం నేనెన్నడూ ఎరగను.

కవచం పెట్టెలో పాత అమరిక ఇంకా ఉంది. ఎనిమిది కూతలూ శుభ్రంగా వినిపిస్తే తనంతట తానే పాతదానికి మారిపోతుంది. నాకు ఎనిమిదీ కావాలి. ముప్పై మూడు మీద ఉన్న ఇల్లు ఖాళీ, అందులో ఊపిరి పీల్చేవాళ్ళు లేరు. మీట మీద చెయ్యి వేశాను. అది విప్పితే పెళ్ళి విప్పినట్టే. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఎందుకు ఆగిందో నాకే అర్థం కాలేదు. విప్పేశాను.

"ఏదో మాట వొచ్చినట్టుంది. సగమే," అంది ముత్యాలు.

మిగిలిన మూడూ కాపురాలున్న ఇళ్ళు. గోపురం నుంచి తెంపితే గాలి మర ఆగుతుంది, ఎవరైనా చక్రం చేత్తో తిప్పుతూ ఉంటేనే లోపల మనుషులు ఉండగలరు. ఎల్లాజీ పరుగెత్తుకొచ్చాడు. సంగతి రెండు ముక్కల్లో చెప్పి మూడిళ్ళకీ తరిమాను. చక్రం చేత్తో తిరగడం మొదలైతే నా దగ్గర ఆ ఇంటి దీపం పచ్చగా మారుతుంది. ఒకటి మారింది. తెంపాను. రెండోది మారింది. తెంపాను. మూడోది మారలేదు.

అది పోలారావు మావ మనవడి ఇల్లు. పోగు మీద పిలిచాను. మనవడూ భార్యా పనికి పోయారు, ముసలాయన పసిదాన్ని పెట్టుకుని ఇంట్లో ఉన్నాడు.

"మావా, చక్రం పట్టుకో."

"ఎల్లాజీ సెప్పినాడమ్మా. కానీ కట్టిన పోగు... నా మనవడి కాపురం..."

"ముప్పై మూడు విప్పీసినాను మావా."

"ఎవులిది?"

"నా కూతురిది. నా సేత్తోనే విప్పీసినాను."

అటునుంచి పసిదాని ఏడుపు వినిపించింది, తరవాత ఇనుము కిర్రుమన్న చప్పుడు. దీపం పచ్చబడింది.

తెంపాను. ఎనిమిది కూతలూ నీళ్ళలోకి వెళ్ళాయి.

"ముత్యాలూ, ఎడం పక్కకి తిరుగు."

"వినబడతంది! అమ్మా, వినబడతంది!"

అడుగడుక్కీ చెప్పుకుంటూ తీసుకొచ్చాను. ఎడమ, కాస్త ముందుకు, అక్కడ గుంట ఉంది, ఆగు, ఇప్పుడు కుడి. తలుపు దాటి లోపలికి వచ్చి, తలమీది కవచపు టోపీ తీసేసి, అది నాతో అన్న మొదటి మాట: "ఇంతసేపూ ఏటి సేస్తన్నావే?"

పట్టుకుని ఏడ్చాను. తర్వాత వీపు మీద ఒకటిచ్చాను.

నమోదు 832

నీరు తేరుకోగానే మూడిళ్ళకీ పోగులు తిరిగి ఇచ్చేశాను, ముప్పై మూడు తప్ప. పిల్ల బతికి వచ్చిందని ఊరు సంతోషించింది. ఒక పూట. మర్నాటికి పంచాయితీ పెట్టారు.

విప్పిన నాలుగు పోగుల సంగతేమిటి? నాలుగు పెళ్ళిళ్ళూ విడిపోయినట్టేనా? పోలారావు మావ గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. మూడిళ్ళలో మనుషులు చక్రం పట్టుకున్నారు, ఇల్లు ఊపిరి ఆపలేదు, అంచేత అవి విప్పినట్టు కాదు, చేత్తో పట్టుకున్నట్టు. ముప్పై మూడో ఇంట్లో చక్రం పట్టినవాళ్ళు లేరు. అంచేత అది విప్పినట్టే.

అంటే ఊరు మొత్తమ్మీద ఆచారం తగిలింది నా కూతురొక్కదానికే. ఆచారానికి కూడా మొగమాటం ఉంటుంది కాబోలు, పెద్దవాళ్ళ ఇళ్ళ దగ్గర.

"అయినా ఏటీ మించిపోనేదు," అన్నాడాయన. "మంచి రోజు సూసి ముప్పై మూడు మల్లీ కట్టీద్దాం. రెండోసారి కట్టుకున్నోళ్ళు పూర్వం కూడా ఉన్నారు."

"కట్టను," అన్నాను. "నా కూతురికైనా కట్టను."

"మరి పిల్ల గతి?"

"పోగు ఒకటే, ఇళ్ళు రెండు. మా ఇంటి పోగునే వంతులు వేస్తాను. ఒక రెప్పపాటు ఈ ఇంటిది, మరో రెప్పపాటు ఆ ఇంటిది. తలుపుకీ గాలికీ ఏ తేడా తెలీదు. కబురు కొంచెం ఆలస్యమవుతుంది, అంతే."

సభలో కొందరు చెవులు మూసుకున్నారు. ఇక్కడ "ఒక పోగు మీద రెండిళ్ళు" అంటే ఇద్దరు పెళ్ళాల్ని మేపే మొగాణ్ణి తిట్టే తిట్టు. పైడితల్లి వదిన లేచి నిలబడింది.

"నా కొడుకు పరువు తక్కువోడు కాడు. పోగు విప్పింది సాలక, ఇప్పుడు రెండిళ్ళ బతుకా? ఈ సమ్మందం మాకొద్దు."

వెళ్ళిపోయింది. ఎల్లాజీ మాత్రం తల వంచుకుని అక్కడే కూర్చున్నాడు. సభ అయిపోయింది, నా కూతురి పెళ్ళి కూడా అయిపోయింది, కాకముందే.

ఇంటికొచ్చి ముత్యాలుతో అన్నాను. "నన్ను తిట్టు."

"ఎందుకూ?"

"విప్పినందుకు. మళ్ళీ కట్టనన్నందుకు."

"మొదటిదానికి తిట్టను. రెండోదానికి రేపు తిడతాను. ఇయ్యాల ఓపిక నేదు." మంచమెక్కి అటు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కన కూర్చున్నాను.

నమోదు 835

ముత్యాలు తిట్టలేదు. అంతకంటే పెద్ద పని చేసింది.

ఎల్లాజీ ఒక పెట్టె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల నా కూతురు.

"అత్తా, నాను ఇక్కడే ఉంటాను," అన్నాడు.

"ఇక్కడంటే?"

"మీ ఇంట్లో. మీ పోగు మీద. పోగు ఒకటే, ఇల్లొకటే. ఎవులూ ఏటీ అనలేరు." చదివించుకొచ్చిన పాఠంలా ఉంది. ముత్యాలు వాడి వెనకనుంచి పెదవులు కదుపుతోంది.

"ఇల్లరికమా? మీ అమ్మకి తెలుసా?"

"ఈపాటికి తెలిసుంటాది," అన్నాడు. మొహంలో భయం, నవ్వు రెండూ ఉన్నాయి.

లోతూరులో ఇల్లరికపుటల్లుడికి పంక్తిలో చివరి విస్తరి వేస్తారు. అల్లుడు ఆ మాట తెలిసే వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. వాడు పెట్టె కింద పెట్టాడో లేదో, ఇళ్ళని కలిపే గొట్టపు దారంతా దద్దరిల్లేలా అడుగులు వినిపించాయి.

పైడితల్లి వదిన. జుట్టు రేగిపోయి ఉంది.

"వొదినా! నా కొడుకుని ఇల్లరికం తెచ్చుకుంటావా? నా ఇంట్లో కూడు నేదనుకున్నావేటి?"

"నేను తెచ్చుకోలేదు వదినా. వాడే వచ్చాడు."

"వొచ్చినాడు, నువ్వు పోగు కట్టనంటే వొచ్చినాడు! నా కొడుకు ఆడదాని ఇంట్లో చివరి విస్తట్లో తింటే, నాను ఊళ్ళో తలెత్తుకు తిరగనా?" గోడకి చేరబడి రొప్పింది. తర్వాత వేలు నా మొహం ముందుకి తెచ్చింది. "నా పోగు తీసుకో."

"ఏమిటీ?"

"నా పోగు. నువ్వు సెప్పినావు కదా, వంతులు, రెప్పపాటు. సగం నాకుంచి సగం ఆల్లకి కట్టు. కోడలికి అత్తే ఇచ్చినాదని ఊరంతా సెప్పుకోవాల. నా కొడుకు నా పోగు మీద బతుకుతాడు, నీ పోగు మీద కాదు!"

"పోగు ఒకటే ఇళ్ళు రెండంటే పరువు తక్కువన్నావు?"

"ఎవులన్నారు? నానా? ఇద్దరు పెళ్ళాలైతే పరువు తక్కువ. తల్లి కొడుక్కిస్తే తక్కువేటి?"

నాకు నవ్వాలో, గోపురం మీంచి దూకాలో తెలియలేదు. ఏడాది! ఒక ఏడాదంతా బొమ్మలు గీసి, తక్కెడలు చూపించి, దండం పెట్టి చెప్పాను. ఒక్కరికీ ఎక్కలేదు. ఒక ముసలిదాని రోషం అరక్షణంలో తేల్చేసింది. ముత్యాలు వెళ్ళి అత్తని వాటేసుకుంది. పైడితల్లి వదిన దాని తల నిమురుతూనే నన్ను ఇంకా తిడుతోంది.

నమోదు 851

పెళ్ళయింది. వంతుల అమరిక బాగానే ఉంది. ఎవరి వంతు ముందు అని అడిగితే "కొత్త కోడలు, ముందు దాన్నే మాటాడనీ" అంది వదిన. దాని ఇల్లు గెడ్డ వైపు గొట్టం చివర. మా ఇల్లు చప్పగా ఉంది.

సగం పోగు ఇచ్చిన అత్తగారని పైడితల్లి వదిన పేరు ఊరంతా మారుమోగేసరికి మిగతా అత్తలకి కంటి మీద కునుకు లేదు. ఆ రోజు తెంపిన మూడిళ్ళ పెద్దలూ వరసగా వచ్చి తమ సొంత పోగుల్ని సగాలు చేయించి పిల్లల ఇళ్ళకి ఇచ్చారు, ఆ మూడు పోగులూ నా దగ్గరికి తిరిగొచ్చాయి. పోలారావు మావ అందరికంటే ముందు. సగం ఇవ్వని అత్త ఏం అత్త అని పాట కూడా కట్టారు. నేను వద్దనలేదు.

మొత్తం పోగులు అరవై నాలుగు. నా దగ్గర ఉన్నవి ఎనిమిది.

నమోదు 866

చలినీరు మళ్ళీ వచ్చింది, మొన్నటి కంటే బలంగా. మడుల్లో ముత్యాలుతో సహా పదకొండుమంది ఉన్నారు. తాడు పూర్తిగా బురదలో పోయింది. అందరికీ నా మాట స్పష్టంగా అందింది. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. అందరూ అన్నాల వేళకి ఇళ్ళకి చేరారు. ఊళ్ళో ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తడానికి ఏమీ జరగలేదు కనక.

సాయంత్రం పోలారావు మావ వచ్చాడు. నాతో పాటు టీ తాగడానికి వచ్చి కూర్చున్న పైడితల్లి వదిన పక్కన చతికిలబడ్డాడు. మీటల వైపు చూశాడు.

"దేముడమ్మా, ఇంత సలినీరొచ్చినా ఏటీ అవనేదు కదా."

"లేదు మావా."

"మరి ఆ ఎనిమిదీ ఉత్తినే పడున్నాయి కదేటి? నా సెల్లెలి మనవరాలికి..."

నా నెత్తి మీద ఎవరో నిప్పులు పోసినట్టయింది. పని చెడితే గోపురం దండగ, పని బాగుంటే పోగులు దండగ. గ్లాసు పక్కన పెట్టి, ఈసారి ముసలాయనని ఏం చేసినా పాపం లేదనుకుంటూ నోరు తెరిచాను. నాకంటే ముందు వదిన అందుకుంది.

"ఉత్తినే ఏటి మావా? ముప్పై మూడు మా కోడలిది!"

"అది విప్పీసినారు కదా."

"ఎవులన్నారు? కూతురి ఇల్లు ఒగ్గీసి ఊరంతటికీ కట్టినాది మా వొదిన. ఇయ్యాల పదకొండుమంది దాన్ని పట్టుకునే కదేటి ఇళ్ళకొచ్చినారు. నీ సెల్లెలి మనవరాలికని ఆ పదకొండుమందివీ విప్పుతావా?"

పోలారావు మావ గడ్డం గోక్కున్నాడు.

"కట్టినదైతే విప్పకూడదు," అన్నాడు చివరికి. "మిగతా ఏడూ కూడా అలగే కట్టినట్టేనా?"

"అన్నీ," అంది వదిన.

సాంకేతికంగా అది తప్పు. ఆ ఎనిమిది పోగులూ ఎవరికీ కట్టి లేవు, వాటి పని కూడా అది కాదు. సరిదిద్దడానికి మాటలు నా నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను గొంతు చించుకున్నా ఆయన నోట రాని మాట, వాటిని ముట్టుకోకూడదన్న మాట, ఇవాళ వచ్చింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తప్పును తప్పుగానే ఉండనిచ్చి, ఇద్దరికీ ఇంకాస్త టీ పోశాను.